బెజవాడ, గుంటూరు ఇళ్లలో ఎండ రాకుండా వెలుతురు పెంచుకోవడం ఎలా?

"కర్టెన్ తీస్తే ఇల్లు కుంపటి, వేస్తే పట్టపగలే ట్యూబ్‌లైటు. ఏం చేయమంటారు?" మార్చి మొదలయ్యేసరికి ఈ ప్రశ్న వస్తూనే ఉంటుంది. భవానీపురం అపార్ట్‌మెంటు వాళ్లూ అడుగుతారు, బ్రాడీపేట పాత డాబా వాళ్లూ అడుగుతారు. చాలామంది దీనికి మందు పెద్ద కిటికీయే అనుకుని మేస్త్రీని పిలిచేస్తారు. నేను చూసినంతలో మన ఇళ్లలో ఉన్న కిటికీ చాలావరకు సరిపోతుంది, దానికి అడ్డం పడినవీ దాని చుట్టూ ఉన్నవే సరిగా ఉండవు.

పని మొదలుపెట్టే ముందు ఒక లెక్క. వెలుతురుని లక్స్ అనే కొలతలో చెబుతారు. ఆరుబయట మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అదే సమయంలో బయట నీడపట్టున నిలబడినా సుమారు పది వేల లక్స్ ఉంటుంది. పుస్తకం చదవడానికి 300 లక్స్ చాలు. అంటే బయటి నీడలో ఉన్న వెలుతురులో వందకి మూడు వంతులు మీ టేబుల్ మీదికి చేరినా పని జరిగిపోతుంది. ఎండ పొడ నేల మీద పడాల్సిన అవసరమే లేదు, పడితే వెలుతురు కన్నా వేడే ఎక్కువ మిగులుతుంది. అందుకే కింద చెప్పేదంతా ఆకాశపు వెలుతురుని లోపలికి రానిచ్చి, ఎండని గోడ బయటే ఆపడం గురించి.

## 1. ముందు ఒక రోజు ఇంటిని గమనించండి

సెలవు రోజు, ఆకాశం తేటగా ఉన్న రోజు చూసుకోండి. ఒక తెల్లకాగితం మీద ఇంటి నమూనా చేత్తోనే గీసుకోండి, కొలతలు అక్కర్లేదు. ఫోన్‌లో దిక్సూచి తెరిచి ప్రతి కిటికీ పక్కన అది ఏ దిక్కో రాయండి. "మాది తూర్పు ముఖం" అని నోటిమాటగా చెప్పుకునే ఇళ్లలో కొన్ని నిజానికి ఆగ్నేయానికో ఈశాన్యానికో తిరిగి ఉంటాయి, కాబట్టి అమ్మినవాళ్ల మాట కాకుండా దిక్సూచినే నమ్మండి. కిటికీ ఊచలకి, ఇనుప గ్రిల్‌కి ఆనించి చూస్తే దిక్సూచి తప్పు చూపిస్తుంది, గది మధ్యలోకి వచ్చి చూడండి.

ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి లైట్లన్నీ ఆపేసి ప్రతి గదిలో చేతి నీడ పరీక్ష చేయండి. టేబుల్ మీద తెల్లకాగితం పెట్టి దానికి అడుగు ఎత్తున అరచెయ్యి చాపండి.

- నీడ అంచులు కత్తిరించినట్టు పడితే నేరుగా ఎండ వస్తోంది, ఆపాలి.
- అంచులు మెత్తగా ఉన్నా చెయ్యి ఆకారం తెలుస్తుంటే చదువుకోవడానికి బాగుంటుంది.
- నీడే కనబడకపోతే ఆ చోట వెలుతురు చాలదు.

ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్‌లు ఉన్నాయి. అంకె ఖచ్చితంగా రాదు కానీ ఒకే ఫోన్‌తో రెండు గదులు పోల్చుకోవడానికి, పనికి ముందూ తర్వాతా తేడా చూసుకోవడానికి పనికొస్తాయి.

గమనించేటప్పుడు ఇవి కూడా రాసుకోండి:

- ఎండ పొడ ఏ గదిలో, ఏ గంటకి, ఎంత లోపలిదాకా వస్తోంది
- పగలే లైటు వేసే చోట్లు
- కిటికీ పై అంచు నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తున ఉంది
- కిటికీలోంచి చూస్తే ఆకాశం కనబడుతోందా, పక్కింటి గోడేనా

చివరి రెండూ ముఖ్యం. కిటికీ పై అంచు ఎంత ఎత్తున ఉంటే దానికి రెండు, రెండున్నర రెట్ల దూరం వరకే గదిలో పనికొచ్చే వెలుతురు చేరుతుంది. ఏడడుగుల ఎత్తు కిటికీ అయితే 14 నుంచి 17 అడుగులు. ఇరవై అడుగుల పొడవున్న హాల్లో వెనక సోఫా దగ్గర చీకటిగా ఉండటం మీ తప్పు కాదు, ఆ ఇల్లు గీసినప్పుడే ఖాయమైపోయింది. అలాంటి చోటికి వెలుతురు తేవాలంటే కిటికీ వెడల్పు పెంచితే రాదు, పైకి పెంచాలి లేదా ఇంకోవైపు నుంచి తేవాలి.

## 2. దిక్కుల లెక్క తెలుసుకోండి

ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు, అందుకే కొంచెం నిదానంగా.

విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, గుంటూరు కూడా దాదాపు అంతే. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు, అక్కడి నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఉత్తరం వైపే ఉంటాడు. ఆ మూడు నెలలూ దక్షిణం గోడకి నేరుగా ఎండ తగలదు. చాలామందికి ఇది నమ్మబుద్ధి కాదు. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం బయటికెళ్లి దక్షిణం గోడ చూడండి, నీడలోనే ఉంటుంది. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన 50 డిగ్రీల ఎత్తుకి దిగుతాడు, అప్పుడు ఎండ లోపలికి వస్తుంది, చలికాలం కాబట్టి హాయిగానే ఉంటుంది.

ఉత్తరం. రోజంతా ఒకే తీరుగా, కళ్లకి గుచ్చుకోని వెలుతురు. చదువుకునే టేబుల్‌కి దీన్ని మించింది లేదు. ఒక్క చిక్కు ఉంది: జూన్‌లో సూర్యుడు నేరు తూర్పున ఉదయించడు, ఉత్తరం వైపుకి సుమారు 25 డిగ్రీలు జరిగి ఉదయిస్తాడు, సాయంత్రం అంతే జరిగి అస్తమిస్తాడు. అందుకే మే, జూన్, జూలైల్లో ఉత్తరం కిటికీలోకి పొద్దున్నే, సాయంత్రం ఏటవాలు ఎండ వస్తుంది. కిటికీకి పక్కగా నిలువు పలక గానీ ఒక పెద్ద మొక్క గానీ ఉంటే చాలు.

తూర్పు. పొద్దుటి ఎండ 9 వరకు మంచిదే, రానివ్వండి. వేసవిలో ఆ తర్వాత బయటి నుంచి నీడ కావాలి.

దక్షిణం. వాస్తు భయంతో దీన్ని మూసేసేవాళ్లు మన దగ్గర ఎక్కువ. ఎవరి నమ్మకం వాళ్లది, నేను వాదించను, సూర్యుడి లెక్క మాత్రం చెబుతాను. అడుగున్నర సన్‌షేడ్ ఉంటే మార్చి, సెప్టెంబరు 21 ప్రాంతంలో మధ్యాహ్నం అది కిందికి ఐదడుగుల నీడ ఇస్తుంది, అంటే నాలుగడుగుల కిటికీ మొత్తం నీడలో ఉంటుంది. అదే సన్‌షేడ్ డిసెంబరులో ఒకటిముప్పావు అడుగే కప్పుతుంది, మిగతా దాంట్లోంచి ఎండ వస్తుంది. వేసవిలో వద్దనుకున్నది ఆగుతుంది, చలికాలంలో కావాలనుకున్నది వస్తుంది. ఇంత తేలిగ్గా లొంగే దిక్కు ఇంకోటి లేదు.

పడమర. అసలు శత్రువు ఇదే. మేలో సాయంత్రం 4 గంటలకి సూర్యుడు 35 డిగ్రీల ఎత్తున ఉంటాడు, 5కి 21 డిగ్రీలకి దిగిపోతాడు. రెండడుగుల సన్‌షేడ్ వేయించినా 4 గంటలకి అడుగున్నర లోపే నీడ, 5 గంటలకి ముప్పావు అడుగే. అంటే పడమర కిటికీకి పైన వేసే సన్‌షేడ్ ఎండని ఆపదు, వానజల్లుకి మాత్రం కొంత పనికొస్తుంది. ఇక్కడ నీడ ముందువైపు నుంచి నిలువుగా పడాలి.

## 3. పైసా ఖర్చు లేని పనులు మొదట

ఒక ఆదివారం పెట్టుకోండి. ఈ వరసలోనే చేయండి, ఎందుకంటే ఒక్కో పని తర్వాత చేతి నీడ పరీక్ష చేస్తే దేనివల్ల ఎంత తేడా వచ్చిందో తెలుస్తుంది.

1. దోమల మెష్ విప్పి సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్ పెట్టి కడగండి. కొత్త మెష్ కూడా కొంత వెలుతురు తినేస్తుంది, దుమ్ము పట్టింది ఇంకా తింటుంది. హైవే పక్కన ఉన్న ఇళ్లకి, మిర్చి యార్డు వైపు ఇళ్లకి ఏడాదికోసారి సరిపోదు. దోమలు మన ఊళ్లో ఎలా ఉంటాయో తెలిసిందే కాబట్టి మెష్ తీసేయమని ఎవరూ చెప్పరు, కడగమనే చెప్పేది.
2. అద్దాలు రెండువైపులా తుడవండి. స్లైడింగ్ కిటికీ అయితే రెండు రెక్కలూ ఒకదానిమీద ఒకటి వచ్చే చోట లోపల దుమ్ము పేరుకుంటుంది, అక్కడా.
3. కిటికీ గట్టు మీద ఉన్నవన్నీ తీసేయండి: మందుల డబ్బాలు, పాత పేపర్లు, ఎప్పటిదో మనీప్లాంట్ సీసా.
4. కిటికీ పక్కకి సగం అడ్డం వచ్చిన బీరువాని జరపండి. కిటికీకి ఎదురుగోడ ఖాళీగా ఉంటే అక్కడ పడిన వెలుతురు గది అంతా తిరిగి పంచుతుంది, అక్కడ ముదురు రంగు వార్డ్‌రోబ్ ఉంటే మింగేస్తుంది.
5. కర్టెన్ రాడ్ చూడండి. రాడ్ కిటికీ వెడల్పుకి సరిగ్గా ఉంటే కర్టెన్ తెరిచినా రెండు పక్కలా అది అద్దం మీదే వేలాడుతుంది. ఒక్కో వైపు ముప్పావు అడుగు పొడుగున్న రాడ్ వేసి కర్టెన్ గోడమీదికి జరిగేలా చేస్తే కిటికీ వెడల్పయినట్టే ఉంటుంది. దీనికి కాస్త ఖర్చుంది, అయినా ఈ జాబితాలోనే ఉండాలి.
6. బాల్కనీలో ఆరేసిన బట్టలు. అపార్ట్‌మెంట్లలో హాల్లోకి వెలుతురొచ్చే దారి బాల్కనీయే, అక్కడ రోజంతా దుప్పట్లు వేలాడుతుంటే హాలు చీకటే. కప్పుకి తాళ్లతో పైకి లాగే దండేలు దొరుకుతాయి, అవి పెట్టించుకోండి.

చాలా ఇళ్లకి పని ఇక్కడితోనే సగం అయిపోతుంది.

## 4. తర్వాత నీడ, అదీ బయటి నుంచి

లోపల వేసిన కర్టెన్ ఎండని అద్దం దాటాక ఆపుతుంది. అప్పటికే వేడి గదిలోకి వచ్చేసింది, ముదురు రంగు కర్టెన్ వేడెక్కి గదిని ఇంకా కాలుస్తుంది. అదే నీడ కిటికీకి బయట ఉంటే వేడి బయటి గాలికి పోతుంది. బయట అవకాశం ఉన్నంతవరకు బయటే.

పడమర కిటికీకి మన దగ్గర తేలిగ్గా కుదిరేవి:

- వెదురు చిక్. పైకి చుట్టుకునే వెదురు తెర. సందుల్లోంచి వెలుతురు చిన్నచిన్న గీతలుగా వస్తుంది, గది పూర్తిగా చీకటి కాదు. గోడకి అర అడుగు ఎడంగా కట్టండి, మధ్యలో గాలి ఆడాలి. కింది అంచుని ఊచలకి కట్టేసే ఏర్పాటు పెట్టకపోతే మేలో వచ్చే గాలివానకి ఎగిరిపోతుంది.
- వట్టివేళ్ల తడిక. నీళ్లు చల్లితే చల్లదనం, వాసన రెండూ బాగుంటాయి, కానీ వెలుతురుని పూర్తిగా కొట్టేస్తుంది. మధ్యాహ్నం నిద్రకి పడగ్గదిలో వేసుకోండి, హాల్లో వద్దు.
- షేడ్‌నెట్. 50, 75, 90 శాతం అని రకాలు అమ్ముతారు, ఎండలో ఎంత ఆపుతుందన్న లెక్క అది. షాపులో 90 చేతిలో పెడతారు. వెలుతురు కూడా కావాలంటే 50 శాతం తీసుకోండి. ఆకుపచ్చ నెట్ వేసిన ఇంట్లో మనుషుల ముఖాలు కూడా ఆకుపచ్చగా కనబడతాయి, తెలుపో లేత గోధుమ రంగో దొరికితే అది మేలు.
- పాదు. సంక్రాంతి తర్వాత బీర గింజలు పెద్ద కుండీలో పెట్టి తాళ్లు కట్టి పైకి పాకిస్తే ఏప్రిల్‌కి కిటికీ ముందు ఆకు అల్లుకుంటుంది. కాయలు వస్తే లాభం, రాకపోయినా నీడ ఖాయం. శాశ్వతంగా కావాలంటే రాధామనోహరం, కానీ అది కత్తిరించకపోతే ఇల్లంతా కమ్మేస్తుంది.
- నిలువు పలకల తెర. సొంతిల్లయితే ఇనుప ఫ్రేములో కదిలే పలకలు చేయించుకోవచ్చు. ఉదయం తెరిచి, 2 గంటల తర్వాత మూసుకోవచ్చు. ఖర్చు ఎక్కువ, పడమర ముఖం పెద్ద హాలు ఉన్నవాళ్లకి మాత్రం పెట్టిన ప్రతి రూపాయీ దక్కుతుంది.

నీడ పెట్టాక గది కొంచెం చీకటిగా అనిపిస్తుంది. కంగారుపడి తీసేయకండి, తర్వాతి మెట్టు దానికే.

## 5. గోడలకి, కప్పుకి రంగు

తెల్లటి గోడ తనమీద పడిన వెలుతురులో సుమారు 80 శాతం తిప్పి పంపుతుంది. లేత క్రీము 70 దాకా. ముదురు టేకు రంగు వార్డ్‌రోబ్ 20 కూడా పంపదు. ఈ మధ్య హాల్లో ఒక గోడకి ముదురు నీలమో బూడిదరంగో వేయించడం ఫ్యాషన్ అయింది, ఆ గోడ సరిగ్గా కిటికీకి ఎదురుగా పడుతోంది, తర్వాత "హాలు డల్‌గా ఉందండీ" అంటారు.

వరస ఇలా పెట్టుకోండి:

1. మొదట కప్పు. తెలుపే, మెరుపు లేనిది. వెలుతురు లోపలి మూలలకి వెళ్లేది ఎక్కువగా కప్పు మీద పడి తిరిగే.
2. తర్వాత కిటికీ పక్క గోడమందం. కిటికీ చుట్టూ లోపలివైపు కనబడే ఆ అర అడుగో తొమ్మిదంగుళాలో తెల్లగా ఉంటే కిటికీ కళ్లకి గుచ్చుకోదు, వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. ఒక చిన్న డబ్బా రంగుతో గంటలో అయ్యే పని, ఎవరూ చేయరు.
3. తర్వాత కిటికీకి ఎదురుగోడ. తెలుపు, క్రీము, లేత పసుపు.
4. ముదురు రంగు తప్పదనుకుంటే కిటికీ ఉన్న గోడకే వేయించండి. దానిమీద వెలుతురు ఎలాగూ తక్కువ.

మెరిసే పెయింటు, మెరిసే వెట్రిఫైడ్ టైల్స్ వెలుతురు పెంచుతాయని పెయింటర్ చెబుతాడు. పెంచవు, ఒకచోట తళుక్కుమనిపిస్తాయి, అంతే. ముసలివాళ్లకి ఆ తళుకులో గడప, మెట్టు సరిగా కనబడక జారే ప్రమాదం కూడా ఉంది. ముఖం చూసుకునే అద్దం పెట్టాలనుకుంటే కిటికీ ఉన్న గోడకి పక్కగోడ మీద, కిటికీ దగ్గరగా పెట్టండి. పడమర కిటికీకి ఎదురుగా మాత్రం వద్దు.

పక్కింటి గోడ మీ కిటికీకి నాలుగైదు అడుగుల్లో ఉందా? సత్యనారాయణపురం, వన్‌టౌన్, అరండల్‌పేట లైన్లలో సగం ఇళ్ల పరిస్థితి ఇదే. మీ వెలుతురు ఆ గోడ మీద పడి రావాల్సిందే. పక్కవాళ్లతో మాట్లాడి మీ ఖర్చుతో ఆ గోడకి తెల్లసున్నం వేయించండి. నాచు పట్టిన నల్ల సిమెంటు గోడకీ సున్నం గోడకీ మీ వంటింట్లో తేడా ఆ రోజే తెలుస్తుంది. సున్నం వాళ్ల గోడకీ మంచిదే కాబట్టి ఎవరూ కాదనరు, అడిగే తీరులో అడగాలి.

## 6. కిటికీ మార్చక తప్పకపోతే

పైవన్నీ చేశాక కూడా చాలకపోతేనే ఇక్కడికి రండి.

ఎంత కిటికీ ఉండాలి? ఇళ్ల కోసం 2018లో వచ్చిన ఎకో నివాస్ సంహిత (కేంద్రం తెచ్చిన ఇంధన పొదుపు నియమావళి) మన తీరపు తేమ వాతావరణానికి ఇంటి నేల వైశాల్యంలో సుమారు ఆరో వంతు తెరుచుకునే కిటికీ, తలుపు వైశాల్యం ఉండాలంటుంది. ఇక్కడ తెరుచుకునే అన్న మాట చూడండి. ఆరడుగుల స్లైడింగ్ కిటికీలో తెరుచుకునేది మూడడుగులే. గాలి కూడా కావాలంటే బయటికి తెరుచుకునే రెక్కల కిటికీయే మేలు.

పాత ఇళ్లలో ఇంకో చిక్కు. టేకు చెక్క రెక్కలు, అద్దం లేదు. మేలో వడగాలి రాకుండా మూస్తే పట్టపగలే చీకటి. మంచి టేకు తీసి పారేయకండి. వడ్రంగిని పిలిచి పై రెక్కల్లో చెక్క పలకలు తీయించి అద్దం బిగించమనండి. వడగాలి ఆగుతుంది, వెలుతురు వస్తుంది, కిటికీ అందం పోదు. నాకైతే ఈ గైడ్ మొత్తంలో ఇష్టమైన పని ఇదే.

కొత్తగా గోడ కొట్టించాలంటే:

- కిటికీని కిందికి పెంచడం తేలిక, పైనున్న లింటల్ (కిటికీ పైన గోడ బరువు మోసే దూలం) ముట్టుకోనక్కర్లేదు. కానీ కింద పెంచిన దానివల్ల నేలకే వెలుతురు, గది లోపలికి వెళ్లేది తక్కువ.
- పైన వెంటిలేటర్ పెట్టించడం కష్టమైనా ఫలితం ఎక్కువ. పాత ఇళ్లలో ఉన్న వెంటిలేటర్లకి ఏసీ కోసం అట్టలు కొట్టి మూసేశారు, ముందు అవి విప్పి అద్దం వేయించండి.
- వెడల్పు పెంచితే కొత్త లింటల్ కావాలి, అది రెండువైపులా గోడమీద కనీసం అర అడుగు కూర్చోవాలి. పిల్లర్లు లేకుండా గోడల మీదే నిలిచిన పాత డాబా అయితే ఇంజినీరు చూడకుండా ఒక్క ఇటుక కూడా తీయించొద్దు.
- హద్దు గోడలో కిటికీ పెట్టించొద్దు. రేపు పక్కవాళ్లు కడితే మూసుకుపోతుంది, ఈలోపు గొడవలు వేరు.
- అపార్ట్‌మెంటైతే అసోసియేషన్‌కి ముందే చెప్పండి.

అద్దం కొనేటప్పుడు రెండు అంకెలు అడగండి: ఎండ వేడిలో ఎంత లోపలికి వదులుతుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ, వెలుతురులో ఎంత వదులుతుందో చెప్పే వీఎల్‌టీ. మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ ఉండాలి. మామూలు తెల్ల అద్దం రెండింటినీ వదిలేస్తుంది, నల్ల అద్దం వెలుతురుని బాగా ఆపి వేడిని అంతగా ఆపదు. మామూలు అద్దానికి ముదురు ఫిల్మ్ అంటిస్తే పడమర ఎండకి అద్దం కొంత భాగం బాగా వేడెక్కి, అంచులు చల్లగా ఉండి పగుళ్లు వచ్చే అవకాశం ఉంది. ఫిల్మ్ వేసేవాణ్ని ఆ అద్దానికి పనికొస్తుందా అని అడిగాకే ఒప్పుకోండి.

## 7. కిటికీకి దారే లేని గది

బ్రాడీపేట, అరండల్‌పేట వైపు పొడుగ్గా, ఇరుకుగా, రెండు పక్కలా గోడలు కలిసిపోయిన ఇళ్లున్నాయి. మధ్య గదికి బయటి గోడే ఉండదు. ఇలాంటి వాటికి దారులు:

పక్క గది నుంచి అప్పు తెచ్చుకోవడం. మధ్య తలుపు పైన అద్దం వెంటిలేటర్ పెట్టించండి. తలుపు చెక్కది తీసి మసక అద్దం పలకలున్నది వేసినా పర్వాలేదు.

అపార్ట్‌మెంట్ డక్ట్, అంటే అంతస్తులన్నిటికీ పైనుంచి కిందిదాకా వదిలిన ఇరుకు ఖాళీ. బాత్రూమ్, వంటింటి కిటికీలు దీంట్లోకే ఉంటాయి. లోపలి గోడలకి పైనుంచి కిందిదాకా తెల్లరంగు వేయిస్తే కింది అంతస్తులకి కూడా వెలుతురు దిగుతుంది. పైన పావురాల కోసం వేసిన నెట్ మీద చెత్త పేరుకుందేమో చూసి తీయించండి. డక్ట్ మీద ప్లాస్టిక్ షీటుతో మూత వేయాలని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, బాత్రూముల గాలి ఆగిపోతుంది.

మెట్ల గది. సొంత డాబాల్లో మెట్లు పైకెళ్లే చోట స్లాబు మీద చిన్న గది ఉంటుంది. దాని ఉత్తరం గోడకి అద్దం కిటికీ పెట్టిస్తే ఇంటి నడిమధ్యకి వెలుతురు దిగుతుంది. దాన్ని సాయంత్రం తెరిస్తే వేడిగాలి కూడా అటే పైకి పోతుంది.

పెంకుటిల్లు. పెంకుల మధ్య ఒకటో రెండో గాజు పెంకులు పెట్టుకుంటే గదికి చాలు. ఉత్తరపు వాలులో పెట్టండి, మంచం మీదికో పొయ్యి మీదికో పడకుండా చూడండి. ఫ్యాను పైన పెడితే రెక్కల నీడ నేలమీద గిరగిరా తిరిగి తలనొప్పి తెప్పిస్తుంది.

స్లాబుకి కన్నం. దీన్ని నేను చివరిదాకా ఆపుతాను. మేలో సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ఆకాశంవైపు పడుకోబెట్టిన అద్దం మీద అప్పుడే ఎక్కువ ఎండ పడుతుంది. వానాకాలం కారడం ఇంకో బాధ. పెట్టాల్సిందేనంటే అద్దాన్ని పడుకోబెట్టకండి, చిన్న గూడులా కట్టి ఉత్తరం వైపు నిలువు అద్దం పెట్టించండి.

## 8. ఏ పనికి ఏ వెలుతురు

వెలుతురు వచ్చాక దాన్ని వాడుకోవడం కూడా తెలియాలి.

పొద్దున లేచిన గంటలోపు కళ్లకి వెలుతురు తగిలితే ఒంట్లోని గడియారం సర్దుకుంటుంది, రాత్రి నిద్ర వేళకి పడుతుంది. ఇంట్లో నిద్ర పట్టని పెద్దవాళ్లుంటే వాళ్ల కాఫీ కుర్చీని తూర్పు కిటికీ దగ్గరికో వసారాలోకో మార్చండి. రోజంతా చీకటి గదిలో టీవీ ముందు కూర్చుని రాత్రి నిద్ర రాలేదంటే ఎలా వస్తుంది?

విటమిన్ డి కోసం కిటికీ దగ్గర కూర్చునేవాళ్లున్నారు. అద్దం మూసి ఉంటే లాభం లేదు, దానికి కావాల్సిన కిరణాలు అద్దం దాటవు. బయట ఎండలోకి వెళ్లాల్సిందే. పిల్లల కళ్ల విషయంలోనూ అంతే: ఆరుబయట ఆడుకునే పిల్లలకి దూరపుచూపు మందగించడం తక్కువ, కిటికీ దగ్గర హోంవర్క్ దానికి బదులు కాదు.

చదువుకునే టేబుల్ కిటికీకి పక్కగా ఉండాలి. కుడిచేత్తో రాసే పిల్లలకి కిటికీ ఎడమవైపు. టీవీ, కంప్యూటర్ కూడా కిటికీకి పక్కగానే. ఎదురుగా పెడితే తెర మీద కిటికీ కనబడుతుంది, కిటికీ ముందు పెడితే కళ్లు లాగుతాయి. వంటింట్లో కూరలు తరిగే గట్టు మీద మీ నీడ పడుతుంటే కిటికీ మీ వెనక ఉన్నట్టు, తరిగే చోటు మార్చుకోండి.

తేమ పట్టే ఇళ్లకి ఇంకో మాట. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు నిలిచిన సింగ్‌నగర్ వైపు కింది ఇళ్లలాంటి చోట గోడల్లో చెమ్మ చాలాకాలం ఉంటుంది. అక్కడ తూర్పు, దక్షిణం వైపు ఎండ పొడ కొంతసేపు గోడలకి తగలనివ్వడం మంచిదే, రెండువైపులా కిటికీలు తెరిచి గాలి ఆడనిస్తూ. బీరువాని గోడకి ఆనించకుండా నాలుగంగుళాలు ఎడం పెట్టండి.

## 9. వేసవిలో రోజువారీ వరస

ఏప్రిల్ నుంచి జూన్ నడిమి దాకా:

- ఉదయం 5:30 నుంచి 9 వరకు అన్నీ తెరవండి.
- 9 దాటాక తూర్పు చిక్ దించండి. గాలి వేడెక్కిందనిపించగానే అద్దాలు మూయండి, కర్టెన్లు మాత్రం ఉత్తరం, దక్షిణం వైపు తెరిచే ఉంచండి. అద్దం మూస్తే వడగాలి రాదు, వెలుతురు వస్తుంది. అద్దంతో పాటు కర్టెన్ కూడా లాగేసే అలవాటే పగటి లైట్లకి కారణం.
- ఒంటిగంటకే పడమర చిక్ దించేయండి. గది వేడెక్కాక దించితే లాభం సగమే.
- సాయంత్రం దోమలు మూగే వేళకి మెష్ రెక్కలు వేసుకోండి, 7 తర్వాత బయట చల్లబడితే అద్దాలు తెరవండి.

## 10. తరచూ కనబడే తప్పులు, సవరింపులు

"కిటికీ పెద్దది చేశాం, ఇల్లు కాలిపోతోంది." పడమరదా? బయట నిలువు నీడ పెట్టండి. పైభాగం రెండడుగులు మాత్రం తేటగా వదిలి, కింది భాగానికి చిక్ ఉంచినా సరిపోతుందేమో ఒక వారం చూడండి.

"తెల్లరంగు వేశాం, అయినా చీకటే." కిటికీలోంచి ఆకాశం కనబడుతోందా? కనబడకపోతే లోపలి రంగు ఒక్కటే చాలదు. ఎదురు గోడ సున్నం, సెక్షన్ 7లోని దారులు చూడండి.

"కిటికీ దగ్గర కళ్లు చెదురుతున్నాయి, వెనక చీకటి." తేడా ఎక్కువైంది. కిటికీ చుట్టూ గోడమందం తెల్లగా చేసి, పల్చటి తెల్ల కాటన్ కర్టెన్ వేసి, గది వెనక భాగం గోడ లేతరంగుకి మార్చండి.

"సోఫా బట్ట, టేకు బల్ల రంగు పోతోంది." ఎండ పొడ నేరుగా పడుతోందన్నమాట. సామాను జరపడం కన్నా ఆ గంటలో నీడ పెట్టడం సులువు.

## 11. అద్దె ఇల్లయితే

గోడ కొట్టలేరు, మేకు కూడా కొట్టనివ్వని ఓనర్లున్నారు. అయినా సెక్షన్ 3 మొత్తం మీ చేతిలోదే. బాల్కనీ గ్రిల్‌కి వెదురు చిక్‌ని తాళ్లతో కట్టుకోవచ్చు, కుండీలో బీరపాదు పెట్టుకోవచ్చు, ముదురు వార్డ్‌రోబ్‌కి లేతరంగు గుడ్డ వేలాడదీయొచ్చు. ఇల్లు మారేటప్పుడు రంగులు వేయిస్తానని ఓనర్ అంటే కప్పుకి తెలుపు, కిటికీ ఎదురుగోడకి క్రీము అడగండి, ఆయనకి ఖర్చు ఒకటే.

కొత్త ఇల్లు చూడటానికి వెళ్లేటప్పుడు:

- మధ్యాహ్నం 3 నుంచి 5 మధ్య వెళ్లండి, పొద్దున కాదు. పొద్దున ఏ ఇల్లయినా బాగుంటుంది.
- బ్రోకర్ వేసిన లైట్లన్నీ ఆపించండి.
- పడగ్గది పడమరకా, దిక్సూచిలో చూసుకోండి.
- వంటింటి కిటికీ డక్ట్‌లోకి ఉంటే తల బయటపెట్టి పైకి చూడండి, ఆకాశం కనబడాలి.
- పక్క ఖాళీ స్థలం ఎవరిది, కట్టబోతున్నారా అని వాచ్‌మన్‌ని అడగండి. బ్రోకర్ చెప్పడు.